చీకటి పడకముందే తీయాలి.. రాత్రి ఫొటో

సూర్యాస్తమయం తరువాత 20 నిమిషాలే కీలకం
నగర దీపకాంతుల చిత్రీకరణకు కొత్తవారు తెలుసుకోవాల్సిన మెలకువలు

విశాఖపట్నం: కైలాసగిరిపై నిలబడి దక్షిణ దిక్కుకు చూస్తే రామకృష్ణా బీచ్ మీదుగా డాల్ఫిన్స్ నోస్ కొండ వరకు సాగరతీరం విల్లులా వంగి కనిపిస్తుంది. పొద్దు వాలిన తరువాత ఆ వంపు వెంట దీపాలు వరుసగా వెలుగుతాయి. ఎడమ చేతి వైపు నల్లబడుతున్న సముద్రం, కుడి చేతి వైపు కొండల నడుమ పరచుకున్న నగరం. ఆ దృశ్యాన్ని చూసి జేబులోని ఫోన్ బయటకు తీయనివారు అరుదు. ఇంటికి వెళ్లి చూసుకుంటే మాత్రం చాలామందికి మిగిలేది నల్లని తెర, దానిపై చెదిరిన తెల్లని చుక్కలు. కంటికి అంత ఇంపుగా తోచినది కెమెరాకు ఎందుకు చిక్కలేదన్న ప్రశ్నకు ‘కెమెరా మంచిది కాదు’ అనే సమాధానమే ఎక్కువగా వినిపిస్తుంది. దానిని నమ్మి వేల రూపాయలు పోసి కొత్త పరికరం కొన్నవారికీ మొదటి వారంలో అవే చుక్కలు దక్కుతుంటాయి. చాలా సందర్భాల్లో లోపం పరికరంలో లేదు. ఫొటో తీసిన వేళలోను, దానిని పట్టుకున్న చేతిలోను ఉంది.

కన్ను వేరు, కెమెరా వేరు

మనిషి కన్ను ఒక దృశ్యాన్ని ఒక్కసారిగా చూడదు. వెలుగుతున్న దుకాణపు బోర్డును చూసేటప్పుడు కనుపాప ముడుచుకుంటుంది, పక్కనున్న చీకటి సందును చూసేటప్పుడు విప్పారుతుంది. ఈ రెండింటినీ మెదడు కలిపి ఒకే చిత్రంగా మనకు చూపుతుంది. కెమెరాకు ఆ వెసులుబాటు లేదు. ఒకసారి మీట నొక్కితే ఫొటో మొత్తానికీ ఒకే కొలత. దీపం సరిగా వచ్చేటట్లు కొలిస్తే దాని చుట్టూ ఉన్న భవనాలు చీకట్లో కలిసిపోతాయి. భవనాలు కనిపించేటట్లు కొలిస్తే దీపం తెల్లని మచ్చగా మారి పరిసరాలను మింగేస్తుంది. రాత్రి 8 గంటలు దాటిన తరువాత ఆకాశం పూర్తిగా నల్లబడి ఈ వ్యత్యాసం మరింత పెరుగుతుంది. అప్పుడు ఎంత ఖరీదైన కెమెరా అయినా రెండింటిలో ఏదో ఒకటి వదులుకోక తప్పదు.

ఈ చిక్కుకు పరిష్కారం ఆకాశంలోనే దొరుకుతుంది. సూర్యుడు అస్తమించిన తరువాత కొంతసేపు ఆకాశంలో వెలుగు మిగిలే ఉంటుంది. అది క్రమంగా తగ్గుతూ ఒక దశలో నగర దీపాల వెలుగుతో ఇంచుమించు సమానమవుతుంది. ఆ వేళ తీసిన ఫొటోలో ఆకాశం ముదురు నీలంగా, దీపాలు పసుపు, తెలుపు వన్నెల్లో, భవనాల అంచులు స్పష్టంగా వస్తాయి. క్యాలెండర్లలో, పర్యాటక ప్రచార పత్రాల్లో ‘రాత్రి దృశ్యం’గా కనిపించే చిత్రాల్లో అత్యధికం నిజానికి రాత్రివి కావు, సంధ్యవేళవి. కొత్తగా నేర్చుకునేవారు మొట్టమొదట గ్రహించవలసిన విషయం ఇదే.

ఇక్కడ సంధ్య త్వరగా ముగుస్తుంది

విశాఖలో డిసెంబరు మొదటి వారంలో సుమారు సాయంత్రం 5.20 గంటలకే సూర్యాస్తమయం అవుతుంది. జూన్ నెలాఖరులో అది 6.35 గంటల ప్రాంతానికి జరుగుతుంది. అస్తమయం తరువాత సూర్యుడు దిగంతానికి 6 డిగ్రీల కిందికి దిగేవరకు ఉండే వెలుగును పౌర సంధ్య అంటారు. భూమధ్యరేఖకు దగ్గరగా ఉండే మన ప్రాంతాల్లో సూర్యుడు ఏటవాలుగా కాక దాదాపు నిటారుగా దిగిపోతాడు గనుక ఈ సంధ్య 22 నుంచి 25 నిమిషాల్లో ముగుస్తుంది. ఐరోపా దేశాల ఛాయాగ్రాహకులు రాసిన పుస్తకాల్లో ‘సాయంకాలం తీరికగా గంటసేపు తీయవచ్చు’ వంటి సలహాలు కనిపిస్తాయి. అవి ఆ దేశాల వేసవికి సరిపోతాయి. వాటిని నమ్ముకుని ఇక్కడ తీరిగ్గా బయలుదేరినవారు కొండ ఎక్కేసరికే ఆకాశం నల్లబడి ఉంటుంది.

ఈ వ్యవధిలో వెలుగు సగటున మూడు నాలుగు నిమిషాలకు ఒకసారి సగానికి తగ్గిపోతుంది. ఐదు నిమిషాల క్రితం చక్కగా వచ్చిన కొలతలతోనే మళ్లీ తీస్తే ఫొటో నల్లగా వస్తుంది. కాబట్టి అస్తమయానికి అరగంట ముందే అనుకున్న చోటికి చేరుకుని, ఏది చట్రంలో ఉండాలో ఏది ఉండకూడదో వెలుతురులోనే నిర్ణయించుకోవడం మంచిది. అడ్డువచ్చే తీగలు, కొమ్మలు, రెయిలింగులు చీకటి పడ్డాక కంటికి ఆనవు, ఫొటోలో మాత్రం కనిపిస్తాయి.

కాలాన్ని బట్టి మరో తేడా ఉంది. చలికాలంలో అస్తమయ వేళకు కార్యాలయాలు ఇంకా నడుస్తుంటాయి గనుక పనిదినాల్లో భవనాల కిటికీలన్నీ వెలుగుతూ ఉంటాయి. జూన్‌లో సంధ్య వాలేసరికి చాలా కార్యాలయాలు మూతపడతాయి. ఆదివారం తీసిన చిత్రంలో వాణిజ్య భవనాలు చీకటిగా ఉండటానికి కారణమూ అదే. అయితే చలికాలంలో గాలిలో నిలిచే పొగమంచు, ధూళి దూరపు దీపాలను మసకబారుస్తాయి. వాన వెలిసిన సాయంత్రాన్ని మించిన అదను మరొకటి లేదు. గాలి కడిగినట్లుంటుంది, తడిసిన రోడ్డుపై ప్రతి దీపానికీ మరో దీపం తోడవుతుంది.

చేయి వణికితే గీతలే

మసక వెలుతురులో కెమెరా తెర చాలాసేపు తెరిచి ఉండాలి. పగటి వేళ సెకనులో రెండు వందలో వంతు చాలిన చోట, సాయంసంధ్యలో రెండు నుంచి నాలుగు సెకన్లు అవసరమవుతాయి. అంతసేపు కదలకుండా పట్టుకోవడం మనిషి చేతికి సాధ్యం కాదు. చుక్కల్లా రావలసిన దీపాలు పురుగుల్లా మెలికలు తిరిగి వచ్చాయంటే చేయి కదిలిందని అర్థం.

ఇందుకు ట్రైపాడ్ ఉంటే సరి. లేనివారు దానికోసం ఆగనవసరం లేదు. పిట్టగోడ మీద గాని, రాతి దిమ్మె మీద గాని బియ్యమో పప్పో నింపిన చిన్న గుడ్డసంచి పరచి, దానిలో కెమెరాను కూర్చోబెడితే గట్టిగా నిలుస్తుంది. పది రూపాయల ఖర్చు లేని ఈ ఉపాయం చవకబారు ట్రైపాడ్‌ల కంటే ఎన్నో రెట్లు నయం. మీటను వేలితో నొక్కినా కెమెరా అదురుతుంది కాబట్టి సెల్ఫ్ టైమర్‌ను 2 సెకన్లకు పెట్టి చేయి తీసేయాలి. ట్రైపాడ్ మీద ఉన్నప్పుడు లెన్స్‌లో వణుకును సరిచేసే సదుపాయాన్ని ఆపివేయడం మేలు. లేని వణుకును వెతికి అదే చిత్రాన్ని చెడగొట్టే సందర్భాలున్నాయి.

బీచ్‌లో ఇసుక మీద నిలిపిన ట్రైపాడ్ కాళ్లు అల వచ్చి వెళ్లిన ప్రతిసారీ కొద్దికొద్దిగా దిగబడతాయి. ముందే గట్టిగా నొక్కి లోపలికి దించాలి. సముద్రపు గాలి ఎక్కువగా ఉంటే నడిమి కడ్డీని పైకి లేపకుండా, దాని కొక్కేనికి సంచిని తగిలించి బరువు పెంచాలి. ఫ్లైఓవర్ల మీద సంగతి మరీ ఇబ్బంది. ఒక్క బస్సు వెళ్తే చాలు, వంతెన మొత్తం అదురుతుంది. బండ్ల మధ్య విరామం కోసం ఎదురుచూడటం ఒక్కటే మార్గం.

ఫోన్‌తో తీసేవారికీ ఇదే సూత్రం వర్తిస్తుంది. ఇటీవలి ఫోన్లలో ఉండే నైట్ మోడ్ వరుసగా అనేక ఫొటోలు తీసి, వాటిని ఒకదానిపై ఒకటి పేర్చి ఒకే చిత్రంగా చేస్తుంది. చాలా ఫోన్లు తమను కదలకుండా నిలిపారని గుర్తించినప్పుడు మరింత ఎక్కువసేపు వెలుగును స్వీకరిస్తాయి. కాబట్టి ఫోన్‌ను గోడకు ఆనించి తీసిన ఫొటోకు, చేత పట్టి తీసిన దానికి తేడా కొట్టొచ్చినట్లు కనిపిస్తుంది. వేలిముద్రల జిడ్డు పట్టిన లెన్స్ ప్రతి దీపానికీ ఒక పొడవాటి తోక తగిలిస్తుంది. తీయబోయే ముందు మెత్తని బట్టతో తుడవడం మరచిపోరాదు. ఇక ఫ్లాష్ మాటకొస్తే దాని వెలుగు చేరేది కొన్ని మీటర్ల దూరమే. కొండ అంచున నిలబడి కిలోమీటర్ల దూరంలోని నగరంపైకి ఫ్లాష్ వేసేవారు రోజూ కనిపిస్తారు. ఆ వెలుగు ఎదుట ఉన్న రెయిలింగును తెల్లగా చూపించడానికి తప్ప మరెందుకూ పనికిరాదు.

మూడు కొలతల లెక్క

కెమెరాలో వెలుగును నిర్ణయించేవి మూడు. లెన్స్ ద్వారం ఎంత విప్పారిందో చెప్పేది ఎపర్చర్. ఎంతసేపు తెరిచి ఉందో చెప్పేది షట్టర్. వచ్చిన వెలుగును ఎంతగా పెంచి చూపాలో చెప్పేది ఐఎస్‌ఓ. ఈ మూడో అంకెను పెంచితే చిత్రం ప్రకాశవంతం అవుతుంది గాని నీడల్లో రంగురంగుల నలుసులు చేరతాయి. కెమెరా కదలకుండా ఉన్నప్పుడు ఐఎస్‌ఓను పెంచవలసిన పని లేదు. 100 వద్ద ఉంచి, ఎపర్చర్‌ను ఎఫ్ 8కి పెట్టి, షట్టర్‌ను మాత్రమే మార్చుకుంటూ పోవడం కొత్తవారికి తేలిక. సంధ్యవేళ రెండు సెకన్లతో ప్రారంభించి, చీకటి చిక్కబడే కొద్దీ నాలుగు, ఎనిమిది, పదిహేను సెకన్లకు పెంచవచ్చు.

ప్రతిసారీ పదిహేను సెకన్లు ఆగి ఫలితం చూసుకుంటే ఉన్న కొద్ది సమయమూ హరించుకుపోతుంది. దీనికి ఒక చిట్కా ఉంది. ముందుగా ఐఎస్‌ఓను 3200కు పెంచి అరసెకనుతో నమూనా ఫొటో తీయాలి. అది బాగుంటే ఐఎస్‌ఓను 100కు తగ్గించాలి. 3200 అంటే 100కు 32 రెట్లు. కాబట్టి అరసెకనును 32తో హెచ్చించి 16 సెకన్లు ఇస్తే అదే వెలుగుతో, నలుసులు లేని చిత్రం వస్తుంది. ఈ లెక్క ఒకసారి వంటబడితే చీకట్లో తడుములాట ఉండదు.

తెర మీద ఫలితాన్ని చూసుకునే సౌకర్యం లేని రోజుల్లో ఈ పని ఎలా సాగిందన్నది ఆసక్తికరం. 1930ల ప్రారంభంలో పారిస్ వీధులను రాత్రివేళ చిత్రించి పేరుగాంచిన బ్రసాయ్ అనే ఛాయాగ్రాహకుడు తన సిగరెట్టు కాలే సమయాన్నే కొలతగా పెట్టుకునేవాడని చెబుతారు. వెలుతురు ఉన్న చోట ఒక రకం, చీకటి చోట నిదానంగా కాలే మరో రకం ముట్టించేవాడట. ఇప్పుడు సెల్ఫ్ టైమర్ ఉండగా ఎవరికీ ఆ అవసరం లేదు.

దీపాలు నక్షత్రాల్లా కిరణాలు చిమ్మినట్లు రావాలంటే ఎపర్చర్‌ను ఎఫ్ 11 లేదా 16 వరకు కుదించాలి. లెన్స్ ద్వారంలోని రేకుల సంఖ్య సరిసంఖ్య అయితే అన్నే కిరణాలు, బేసి సంఖ్య అయితే దానికి రెట్టింపు వస్తాయి. ఏడు రేకుల లెన్స్‌తో పద్నాలుగు కిరణాలన్న మాట. అంతకంటే కుదిస్తే చిత్రం మొత్తం మెత్తబడి స్పష్టత తగ్గుతుంది. చీకట్లో ఆటోఫోకస్ ముందుకూ వెనక్కూ కదులుతూ తేల్చుకోలేకపోతే, దూరాన బాగా వెలిగే దీపం అంచు మీద ఫోకస్ కుదుర్చుకుని వెంటనే మాన్యువల్‌కు మార్చి ఇక ముట్టుకోకూడదు.

పసుపు నగరం తెల్లబడింది

పదిహేనేళ్ల క్రితం తీసిన విశాఖ రాత్రి చిత్రాలను ఇప్పటివాటి పక్కన పెట్టి చూస్తే నగరం రంగే మారినట్లు తోస్తుంది. అప్పట్లో వీధులన్నీ సోడియం దీపాల పసుపులో మునిగి ఉండేవి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విద్యుత్ స్తంభాలను నేలకూల్చిన తరువాత నగరంలో వీధిదీపాలను ఎల్‌ఈడీలకు మార్చే పని వేగంగా సాగింది. ఆ మార్పు ఫొటోలోనూ కనిపిస్తుంది.

సోడియం దీపం వెలుగులో పసుపు, నారింజ తప్ప మిగిలిన రంగులు చాలా తక్కువ. దాని కింద నీలిచీర నల్లగా, ఆకుపచ్చ చెట్టు గోధుమ రంగులో కనిపించేవి. కెమెరాలో వైట్ బ్యాలెన్స్‌ను ఎంత మార్చినా వెలుగులో లేని రంగును తెచ్చిపెట్టడం సాధ్యం కాదు. ఎల్‌ఈడీ వెలుగులో అన్ని రంగులూ దాదాపుగా ఉంటాయి గనుక ఈ ఇబ్బంది తగ్గింది. బదులుగా చల్లని నీలిఛాయ వచ్చి చేరింది. ఒకే వీధిలో తెల్లని ఎల్‌ఈడీ, టీ కొట్టు ముందు పసుపు బల్బు, మందుల దుకాణం ఆకుపచ్చ గుర్తు కలిసి ఉన్నప్పుడు ఆటో వైట్ బ్యాలెన్స్ ఒక్కో ఫొటోకు ఒక్కో రంగు ఇస్తుంది. దానిని సుమారు 4000 కెల్విన్ దగ్గర స్థిరపరచి, వీలుంటే ‘రా’ ఫార్మాట్‌లో భద్రపరచుకుంటే ఇంటికి వెళ్లి తాపీగా సరిచేసుకోవచ్చు.

ఎల్‌ఈడీ బోర్డులతో మరో తిరకాసు ఉంది. వాటిలో చాలావరకు కంటికి తెలియనంత వేగంగా వెలిగి ఆరుతుంటాయి. షట్టర్ వేగం ఎక్కువైతే బోర్డులో సగం అక్షరాలు మాయమవుతాయి, లేదా చిత్రంపై అడ్డంగా చారలు పడతాయి. సెకనులో యాభయ్యో వంతు కంటే నిదానంగా తీస్తే ఈ బాధ చాలావరకు తప్పుతుంది.

కదిలేవి, కదలనివి

రోడ్డు మీద వాహనాల దీపాలు గీతలుగా సాగిన చిత్రాలు కొత్తవారిని ఎక్కువగా ఆకర్షిస్తాయి. అవి తీయడం అన్నిటికంటే సులభం కూడా. పాదచారుల వంతెన మీద నుంచి పది సెకన్లు తెరిచి ఉంచితే ఎదురువచ్చే బండ్లు తెల్లని గీతలుగా, వెళ్లేవి ఎర్రని గీతలుగా వస్తాయి. సిగ్నల్ పడిన క్షణం చూసి మీట నొక్కడమే ఇందులో నేర్పు.

ఓడల సంగతి అందుకు భిన్నం. 2016 ఫిబ్రవరిలో విశాఖలో అంతర్జాతీయ నౌకాదళ సమీక్ష జరిగినప్పుడు దీపాలంకరణతో మెరిసిన యుద్ధనౌకలను చిత్రించడానికి తీరం వెంట జనం బారులు తీరారు. లంగరు వేసిన ఓడ నిశ్చలంగా ఉన్నట్లు కనిపించినా అలల మీద ఊగుతూనే ఉంటుంది. పది సెకన్ల ఫొటోలో దాని దీపాలన్నీ చెదిరిపోతాయి. ఇటువంటి సందర్భంలో మాత్రం ఐఎస్‌ఓను పెంచి, సమయాన్ని సెకను లోపునకు తగ్గించడమే సరైనది. నలుసులు ఉన్న చిత్రం నయం, ఓడే లేని చిత్రం కంటే.

చంద్రుడి విషయంలో ఎక్కువమంది పౌర్ణమి రోజునే వెళ్లి నిరాశపడతారు. ఆ రోజు చంద్రుడు సముద్రంపై పైకి వచ్చేసరికి ఆకాశం నల్లబడుతుంది. చంద్రబింబం సూర్యకాంతితో వెలిగేది కాబట్టి దీపాలకు సరిపోయే కొలతలో అది రూపురేఖలు లేని తెల్లని బిళ్లగా మారుతుంది. పౌర్ణమికి ముందు రోజు చంద్రోదయం సూర్యాస్తమయానికి ముప్పావు గంట అటూఇటూగా ముందే అవుతుంది. సంధ్య వెలుగు ఉండగానే చంద్రుడు కొంత ఎత్తుకు చేరి ఉంటాడు. ఆ సాయంత్రమే అనువైనది. చంద్రుడు తన వెడల్పంత దూరాన్ని రెండు నిమిషాల్లో జరుగుతాడు గనుక దూరపు లెన్స్‌తో తీసేటప్పుడు ఎక్కువ సెకన్లు పనికిరావు.

సముద్రం లేని ఊళ్లవారికి నీరున్న చోటు ఏదైనా చాలు. విజయవాడలో ప్రకాశం బ్యారేజీ దీపాలు ఎగువన నిలిచిన కృష్ణ నీటిలో ప్రతిఫలించే తీరు, హైదరాబాద్‌లో 2020లో ప్రారంభమైన దుర్గం చెరువు తీగల వంతెన రంగులు ఇదే పాఠానికి పనికొస్తాయి.

ఎక్కడ తీయరాదు

విశాఖ తూర్పు నౌకాదళ కేంద్రం. డాక్‌యార్డు, నౌకాదళ స్థావరాలు, వాటి ప్రవేశ ద్వారాలు, నిషేధ సూచికలున్న ఓడరేవు ప్రాంతాలను చిత్రించరాదు. 1923 నాటి అధికార రహస్యాల చట్టం కింద నిషిద్ధ ప్రదేశాలను అనుమతి లేకుండా ఫొటో తీయడం తీవ్రమైన కేసులకు దారితీస్తుంది. చీకట్లో ట్రైపాడ్, పొడవాటి లెన్స్‌తో నిలబడిన వ్యక్తిపై ఎవరికైనా అనుమానం రావడం సహజమే. అడిగినప్పుడు వాదనకు దిగకుండా తీసినవి చూపి, వద్దన్న చోటు నుంచి కదలడం మంచిది. గుర్తింపు కార్డు దగ్గర ఉంచుకోవాలి. డ్రోన్ ఎగరేయాలనుకునేవారు 2021 నాటి డ్రోన్ నిబంధనల ప్రకారం ఆ ప్రాంతం ఏ మండలంలో ఉందో డిజిటల్ స్కై పటంలో ముందుగా చూసుకోవాలి. అనుమతి లేనిదే ఎగరేయరాదన్న ప్రాంతాలు ఇక్కడ తక్కువేమీ కాదు.

తీరంలోని రాళ్ల మీద నిలబడి తెరను చూస్తూ అలను గమనించకపోవడం మరో ప్రమాదం. చీకటి పడ్డాక అల ఎంత దూరం వస్తుందో తెలియదు. ఒంటరిగా వెళ్లకుండా తోడు ఒకరిని తీసుకువెళ్తే వస్తువులకూ మనిషికీ కాపలా ఉంటుంది. ఏసీ గదిలో నుంచి, కారులో నుంచి బయటకు తెచ్చిన లెన్స్‌పై తీరపు ఉక్కకు వెంటనే ఆవిరి పడుతుంది. దానిని తుడిచినా మళ్లీ వస్తుంది. పావుగంట ముందుగానే సంచిలో ఉంచి బయట పెడితే వేడి సర్దుకుంటుంది. తిరిగి వచ్చాక ఉప్పుగాలి తగిలిన కెమెరాను, ట్రైపాడ్ కాళ్లను కొద్దిగా తడిపిన బట్టతో తుడవాలి. కైలాసగిరి వంటి పార్కులకు మూసివేత వేళలు ఉంటాయి కాబట్టి ఆ సంగతి లోపలికి వెళ్లేటప్పుడే కనుక్కోవాలి.

మొదటి సాయంత్రం పలుచోట్ల తిరగకుండా ఒకే చోట నిలవడం ఉత్తమం. కెమెరాను స్థిరంగా పెట్టి, చట్రం మార్చకుండా, సూర్యాస్తమయం నుంచి ముప్పావు గంటపాటు మూడు నిమిషాలకు ఒకటి చొప్పున తీస్తే 16 ఫొటోలు వస్తాయి. వెలుగు తగ్గేకొద్దీ షట్టర్ సమయాన్ని మాత్రం పెంచుతూ పోవాలి. ఇంటికి వచ్చి వాటిని వరుసగా పేర్చి చూస్తే మొదటివాటిలో దీపాలు తేలిపోయి, చివరివాటిలో ఆకాశం మాయమై కనిపిస్తుంది. మధ్యలో రెండు మూడింటిలో మాత్రం రెండూ నిలుస్తాయి. వాటిని తీసిన సమయం ఫొటోతోపాటే నమోదై ఉంటుంది. అస్తమయం తరువాత ఎన్నో నిమిషమో లెక్కించి రాసుకుంటే, మరుసటి వారం వేరే చోటికి వెళ్లినప్పుడు ఆ నిమిషానికి కెమెరా సిద్ధంగా ఉంటుంది.